కంఠస్థమైనా తెలియని మాట
రియాద్‌లో డ్రైవరుగా పనిచేస్తూ సెలవుపై వచ్చిన మా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న అసర్ నమాజు తర్వాత కలిశాడు. "హజ్రత్, ఖుర్ఆన్ తప్పులేకుండా పఠిస్తాను. నా ఒప్పందపత్రం మాత్రం అర్థం కాకుండానే సంతకం చేశాను" అన్నాడు. ఇంగ్లీషు ప్రతిలో ఉన్న ఓవర్‌టైము అరబీ ప్రతిలో లేదట. సౌదీ కార్మిక చట్టం ప్రకారం రెండు భాషలకూ తేడా వస్తే అరబీ పాఠమే చెల్లుతుంది.

అక్కడి వాడుక భాష వేరన్నది నిజమే. మేము 'కైఫ హాలుక' నేర్పితే బజారులో 'ష్లోనక్' అంటారు. అయితే ఒప్పందాలు వ్రాసేది బజారు భాషలో కాదు. ఆ కాగితం తలపై ఉన్న మాట 'అఖ్ద్'. అల్ మాయిదా సూరా మొదటి ఆయత్‌లోని 'ఉఖూద్' దాని బహువచనమే. జీతాన్ని తెలిపే 'అజ్ర్' సైతం ఖుర్ఆన్‌లో ఎన్నోసార్లు వస్తుంది. ఇవన్నీ అతనికి కంఠస్థం! ఉచ్చారణకు బెత్తం పట్టుకొని, అర్థాన్ని పై తరగతులకు వాయిదా వేసినది మేమే. అతడు పై తరగతులకు రాలేదు, గల్ఫ్‌కు వెళ్ళాడు.

పత్రం నకలు అతని ఫోనులో ఉంది. ఇషా తర్వాత ఇద్దరం కూర్చొని చదువుతున్నాము. ఇప్పటికి నాలుగో పంక్తికి వచ్చాము.