అల్లరి బొమ్మలు.. కోట్ల వ్యాపారం! సోనిక్, క్రాష్‌ల వెనుక అసలు కథ ఇదీ

కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు ఊరుకుంటే చాలు.. తెర మీద నీలం రంగు ముళ్లపంది విసుగ్గా మన వైపు చూస్తుంది. కాలితో నేలను టపటపా కొడుతుంది. ఇంకెంతసేపు అన్నట్టు! 1991లో వచ్చిన 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' గేమ్‌లోని ఈ చిన్న అల్లరి ఊరికే పుట్టలేదు. దాని వెనుక పెద్ద వ్యాపార యుద్ధమే ఉంది.

మారియోను కొట్టాలంటే..

అప్పట్లో వీడియో గేమ్‌లంటే నింటెండోదే రాజ్యం. దాని హీరో మారియో బుద్ధిమంతుడైన ప్లంబర్. పోటీ కంపెనీ సెగా అలాంటి ఇంకో మంచి బాలుడితో వస్తే పట్టించుకునేవాళ్లు లేరు. అందుకే వేగం, కాస్త పొగరు కలిపి ఓ తుంటరిని దించింది. నవోటో ఓషిమా బొమ్మ గీస్తే, యూజీ నాకా ప్రోగ్రామింగ్ చూశారు. హిరోకజు యసుహారా లెవల్స్ డిజైన్ చేశారు. అమెరికాలో సెగా తన కన్సోల్ రేటు తగ్గించి, దాంతోపాటే సోనిక్ గేమ్ ఇచ్చేసింది. తమ్ముళ్ల ఆటలు వద్దనుకునే టీనేజ్ కుర్రాళ్లు ఇటు తిరిగారు.

మైకు పట్టుకుని గొడవ

1996లో సోనీ ప్లేస్టేషన్ వంతు. నాటీ డాగ్ స్టూడియో తయారుచేసిన క్రాష్ బ్యాండికూట్ మాటలు పెద్దగా రాని, పిచ్చి గెంతులేసే నారింజ రంగు జంతువు. టీవీ యాడ్‌లో అయితే క్రాష్ వేషం వేసుకున్న మనిషి నేరుగా నింటెండో ఆఫీసు ముందుకెళ్లి, మెగాఫోన్‌లో మారియోను ఆటపట్టించాడు. అంటే అల్లరి గేమ్‌లోనే కాదు, మార్కెటింగ్‌లోనూ ఆయుధమే. కొత్తగా వచ్చినవాడు పెద్దవాణ్ని సవాల్ చేస్తే జనం చూస్తారు. ఈ లెక్క పక్కాగా పనిచేసింది.

అల్లరి ఎవరి సొత్తు?

ఇక్కడే అసలు ట్విస్ట్. క్రాష్‌ను ప్లేస్టేషన్ ముఖంగా అందరూ అనుకున్నా, హక్కులు సోనీవి కావు. సృష్టించిన నాటీ డాగ్‌వీ కావు. అవి యూనివర్సల్ చేతిలో ఉండేవి. తర్వాత చేతులు మారుతూ యాక్టివిజన్‌కు చేరాయి. 2023 అక్టోబర్‌లో సుమారు 6,870 కోట్ల డాలర్ల డీల్‌తో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది. అలా ప్లేస్టేషన్ తుంటరి, ఎక్స్‌బాక్స్ ఓనర్ ఇంటికి చేరాడు! సోనిక్ కథా అంతే. 2001లో సెగా కన్సోల్ తయారీ మానేశాక, ఒకప్పుడు వెక్కిరించిన నింటెండో మెషిన్ల మీదే సోనిక్ పరుగులు పెట్టాల్సి వచ్చింది. 2007లో ఏకంగా మారియోతో కలిసి ఒలింపిక్స్ గేమ్ ఆడాడు.

ఫ్యాన్స్ గెలిచారు.. కానీ

కాగితం మీద ఓనర్ ఎవరైనా, ఈ పాత్రల అసలు బలం ఫ్యాన్సే. 2019 ఏప్రిల్‌లో సోనిక్ సినిమా ట్రైలర్ వచ్చింది. మనిషి పళ్లు, చిన్న కళ్లతో ఉన్న సోనిక్‌ను చూసి నెటిజన్లు ఉతికి ఆరేశారు. ఆ కళ్లలో తుంటరితనమే లేదు మరి! కొద్దిరోజుల్లోనే డిజైన్ మారుస్తామని డైరెక్టర్ జెఫ్ ఫౌలర్ ప్రకటించారు. రిలీజ్ నవంబర్ నుంచి 2020 ఫిబ్రవరికి వెళ్లింది. కొత్త లుక్‌తో వచ్చిన సినిమా ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సీక్వెల్స్ కూడా వచ్చేశాయి.

అయితే ఈ గెలుపులో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఆ మార్పుల కోసం పనిచేసిన ఎంపీసీ సంస్థ వాంకోవర్ స్టూడియో, సినిమా రిలీజ్ కాకముందే 2019 డిసెంబర్‌లో మూతపడింది. సోనిక్ కళ్లలో అల్లరి తిరిగి తెచ్చినవాళ్లలో చాలామంది, ఆ సినిమా థియేటర్‌కు వచ్చేసరికి ఉద్యోగంలో లేరు.