సర్వర్ బిల్లు ఎవరు కడుతరు?

2020 అక్టోబర్‌ల గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. మా సంతోష్‌నగర్‌కు పక్కబస్తే. ఆ రాత్రి ఏం జరిగిందో లోకానికి చూపెట్టింది జనం ఫోన్లల్ల తీసిన వీడియోలే. నష్టపరిహారం అడగాలన్నా, నాలా కబ్జా మీద కొట్లాడాలన్నా గవే సాక్ష్యం. మరి గవి గిప్పుడు ఏడున్నయి? ఫోన్ ఖరాబైనోళ్లవి ఫోన్‌తోటే పోయినయి. ఫేస్‌బుక్‌ల ఉన్నయంటే కంపెనీ ఉంచినన్ని దినాలే.

కంపెనీ దుకాణం కట్టేస్తే ఏమైతదో చూసినం. ఆర్కుట్ 2014ల పోయింది. గూగుల్ ప్లస్ 2019ల పోయింది. తెలుగుల రాసుకోవచ్చన్న మన దేశపు ‘కూ’ 2024 జులైల మూతపడ్డది.

అందుకే కొందరు వికేంద్రీకృత నెట్‌వర్కుల దిక్కు చూస్తున్నరు. 2016ల మొదలైన మాస్టోడాన్ గసుంటిదే. 2019ల సుప్రీంకోర్టు లాయర్ సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా బంద్ చేసినప్పుడు మన దేశంల చానమంది అందులకు పోయిన్రు. అండ్ల ఒక్క దొర, ఒక్క గడి ఉండదు. ఊరికో చెరువు ఉన్నట్టు ఎవరి సర్వర్ వాళ్లది, ఒకదానికొకటి కాలువలు. మంచిదే. కానీ చెరువు ఊరిదైతే పూడిక తీసే పని సుత ఊరిదే గదా!

అసలు కష్టం అక్షరాలతోని కాదు, ఫొటోలు, వీడియోలతోని. మన సర్వర్‌ల మనం పెట్టినయే కాదు, మనం ఫాలో అయ్యే వేరే సర్వర్లోళ్ల ఫొటోల కాపీలు సుత వచ్చి పడుతయి. డిస్క్ దినాం నిండుతది, బిల్లు నెలనెలా పెరుగుతది. అందుకే నడిపేటోళ్లు బయటికెళ్లి వచ్చిన పాత ఫొటోల కాపీలు తీసేస్తుంటరు. ‘అంతటా కాపీలున్నయి, ఏడికి పోతయి’ అనుకునుడు అందుకే తప్పు. అసలు సర్వర్ పోయిందంటే ఆ ఫొటోలు మళ్ల దొరుకుతయన్న గ్యారంటీ లేదు. ఖాతా వేరే సర్వర్‌కు మార్చుకుంటే ఫాలోవర్లు వస్తరు, పాత పోస్టులు రావు.

ఇంకోటి, పైసలొక్కటే సమస్య కాదు. మాస్టోడాన్ డాట్ లాల్ అనే సర్వర్‌ను ఒక్కడే నడిపిండు. తిట్లు, వేధింపులు పడలేక 2023ల బంద్ చేసిండు. వేలమంది వేరే జాగ ఎతుక్కున్నరు.

నిలబెట్టే తొవ్వ లేదా అంటే ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పనిల మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ సుత ఉండె. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిన్రు. ఆ సైటు మూతపడ్డా కార్ల్ మలముద్ అనే అమెరికా ఆయన కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల పెట్టిండు. ఆ కాపీలు ఉండబట్టే ఇయ్యాల మనం చదువుతున్నం. ఇంకో జాగల, ఇంకొకరి చేతుల కాపీ ఉన్నదే బతుకుతది.

గందుకని తమ్మీ, చెల్లె, మీ ఊళ్ల యువజన సంఘం సర్వర్ పెట్టాలనుకుంటే మొదలే మూడు మాటలు తెంపుకోండ్రి. నెల చందా ఎవరెంత ఇయ్యాలె? తాళం, అంటే పాస్‌వర్డ్, కనీసం ఇద్దరి దగ్గర ఉన్నదా? బ్యాకప్ వేరే ఊళ్ల ఉన్నదా? మాస్టోడాన్ తన జాబితాల చేర్చే సర్వర్లను గూడ రోజూ బ్యాకప్ తియ్యమంటది, ఇంకొకరికి తాళం ఇయ్యమంటది, మూసే ముంగట మూడు నెలలు చెప్పమంటది. గది మనకు సుత పనికొస్తది.

సర్వర్ పెట్టుడు మీతోని కాకుంటే, మీ ఖాతాలకెళ్లి ఆర్కైవ్ దింపుకొని హార్డ్ డిస్క్‌ల పెట్టుండ్రి. వరద వీడియో, భూమి కొట్లాట ఫొటో, అవ్వ పాడిన పాట ముందుగాల దాచుండ్రి. రేపు కోర్టుల, కలెక్టరాఫీసుల ‘రుజువేది’ అని అడిగేది మనల్నే, కంపెనీని కాదు.