బావి తవ్వేదొకరు, ఆ నీళ్లు తాగేదొకరు

భూమి కడుపులోంచి గ్యాస్ తీస్తే పేదవాడి ఇంట్లో పొయ్యి వెలుగుతుందని చెప్పేవాళ్లు ఇప్పుడు మన సంఘాల్లోనూ ఉన్నారు. "అయ్యగారూ, ఉద్యోగాలొస్తాయి, రోడ్లొస్తాయి, ప్రతిదానికీ అడ్డం పడితే ఎలా?" అని యువకులు మమ్మల్ని అడుగుతున్నారు. అడగటం మంచిదే. మా జవాబు సూటిగా చెబుతాం. లాభం లేదని మేము అనం. లాభం ఒకరికి, నష్టం మరొకరికి పోయే ఏర్పాటును అభివృద్ధి అని పిలవటానికి మాత్రం ఒప్పుకోం.

పళని, మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లం మనం. పళని కింద ఉన్నది గట్టి రాయి, ఇక్కడ గ్యాస్ లేదు. మరి మనకెందుకు ఈ గొడవ అంటారా? మన ఊరి పక్కన పారే షణ్ముఖానది అమరావతిలో కలుస్తుంది. అమరావతి కరూరు దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆ కావేరి డెల్టా మనకు అన్నం పెట్టే నేల. అటు కృష్ణా గోదావరి డెల్టా మన భాషవాళ్ల నేల. కేంద్రం 2013లో షేల్ గ్యాస్ విధానం ప్రకటించి మొదటి దశలో ఓఎన్‌జీసీకి 50 బ్లాకులు కేటాయించింది. వాటిలో 10 కృష్ణా గోదావరి బేసిన్‌లోవి, 9 కావేరి బేసిన్‌లోవి. 2018 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, పాత ఒప్పందాలున్న కంపెనీలు తమ బ్లాకుల్లోనే షేల్ గ్యాస్, బొగ్గుపొరల మీథేన్ కూడా వెతుక్కోవచ్చంది. కాబట్టి ఇది అమెరికా కథ మాత్రమే కాదు.

ఫ్రాకింగ్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. మామూలు గ్యాస్ బావిలో వాయువు రాతి సందుల్లోంచి తనంతట తాను పైకి వస్తుంది. షేల్ రాయి అలా వదలదు. అందుకని కిలోమీటర్ల లోతుకు తవ్వి, అక్కడి నుంచి అడ్డంగా తొలిచి, నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొట్టి రాయిని పగలగొడతారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్క ప్రకారం ఒక్క బావికి సుమారు 57 లక్షల నుంచి 6 కోట్ల లీటర్ల దాకా నీళ్లు కావాలి. అందులో కొంత తిరిగి పైకి వస్తుంది. అది వచ్చేటప్పుడు ఉప్పును, లోహాలను, కొన్ని చోట్ల రేడియంను కూడా మోసుకొస్తుంది. ఆ మురుగును ఎక్కడ పోయాలన్నదే అసలు సమస్య. అమెరికాలోని ఓక్లహోమాలో చమురు, గ్యాస్ బావుల మురుగునీటిని మళ్లీ భూమిలోకి ఎక్కించారు. దానివల్ల భూకంపాలు పెరిగాయి. 2016 సెప్టెంబరులో అక్కడ పానీ దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది. అదే ఏడాది డిసెంబరులో ఆ దేశ పర్యావరణ సంస్థ, కొన్ని పరిస్థితుల్లో ఫ్రాకింగ్ తాగునీటిని దెబ్బతీస్తుందని తన నివేదికలో ఒప్పుకుంది. ఫ్రాన్స్ 2011లోనే దీన్ని నిషేధించింది.

ఇక లాభం సంగతి. అమెరికాలో గ్యాస్ చవకైంది, ఆ దేశం దిగుమతుల కంటే ఎక్కువ గ్యాస్ ఎగుమతి చేయటం మొదలుపెట్టింది. పెన్సిల్వేనియాలో చాలామంది రైతులకు డబ్బు చేతికందింది. ఇదంతా నిజం. కానీ అక్కడ భూమి కింద ఉన్న గ్యాస్ మీద హక్కు సొంతదారుడిది. చట్టప్రకారం కనీసం ఎనిమిదో వంతు అతనికి ఇవ్వాలి. మన దేశంలో నేల మీద తీసిన గ్యాస్‌కు రాయల్టీ బావి దగ్గరి ధరలో 10 శాతం. అది రాష్ట్ర ఖజానాకు పోతుంది, రైతు చేతికి రాదు. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాల్లో 2015 చట్ట సవరణ తర్వాత జిల్లా ఖనిజ నిధి ఒకటి ఉంది. తవ్వకంవల్ల దెబ్బతిన్న ఊళ్లకు అందులోంచి ఖర్చుపెట్టాలి. చమురు, గ్యాస్ ఆ చట్టం కిందికి రావు. పొలంలో పైపులైను వేస్తే 1962 నాటి చట్టం ఇప్పించే పరిహారం భూమి విలువలో 10 శాతం. ఆ తర్వాత దాని మీద చెట్టు పెంచకూడదు, ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు.

ఇది కోయంబత్తూరు వైపు మనవాళ్లకు చెప్పక్కర్లేదు. కొచ్చి నుంచి బెంగళూరుకు గెయిల్ పైపులైను కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్డుతో కలిపి 7 జిల్లాల పొలాల మీదుగా గీత గీసింది. రైతులు ఎదురుతిరిగారు. రహదారి పక్కగా వేసుకోమని రాష్ట్ర ప్రభుత్వం అంది. చివరికి 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గెయిల్ వైపే తీర్పు చెప్పింది.

పట్టా ఉన్న రైతుకే ఇంత అయితే, పట్టా లేనివాళ్ల మాటేమిటి? మన సంఘాల్లో ఎక్కువమంది అరుంధతీయులు, కూలివాళ్లు, పాకీపని చేసే కుటుంబాలు. పొలం పోతే పరిహారం సొంతదారుడికి వస్తుంది. ఆ పొలంలో నాట్లు వేసే అక్కకు పని పోతుంది, ఒక్క రూపాయీ రాదు. ఊరి నీళ్లు చెడితే ఉన్నవాడు క్యాను నీళ్లు కొనుక్కుంటాడు, లేనివాడు ఆ బోరు నీళ్లే తాగుతాడు. ఉద్యోగాలంటారా? బావి తవ్వే కొన్ని నెలలు కాపలా పని, లారీ పని దొరుకుతుంది. నిపుణుల పనికి బయటివాళ్లు వస్తారు. షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి మించి పడిపోతుంది. అందుకే కంపెనీ ఇంకో బావికి, ఇంకో ఊరికి కదిలిపోతుంది. ఊరు మాత్రం కదల్లేదు.

ఇదంతా భయపెట్టే మాట అని కొట్టిపారేసేవాళ్లు మన పళని కొండలనే చూడండి. అమెరికాలో వద్దనుకున్న థర్మామీటర్ ఫ్యాక్టరీని 1980లలో కొడైకెనాల్‌కు తెచ్చారు. పని దొరికిందని జనం సంతోషించారు. పాదరసం కలిసిన గాజు పెంకు పాత సామాను కొట్లో బయటపడ్డాక 2001లో అది మూతపడింది. 591 మంది మాజీ కార్మికులతో హిందుస్థాన్ యూనిలీవర్ రాజీ చేసుకున్నది 2016లో, అంటే 15 ఏళ్లకు. తిరుప్పూరు చూడండి. బనియన్ల డాలర్లు దేశానికి వచ్చాయి, అద్దకం నీళ్లు నొయ్యల్ నదికి వచ్చాయి. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగునీళ్ల తొట్టి అయింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమన్నప్పుడు ముందు వీధిన పడింది కూలివాళ్లే. నీళ్లనూ పోగొట్టుకున్నారు, కూలినీ పోగొట్టుకున్నారు.

గోదావరి సీమ కూడా ఈ పాఠం చదివింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా సజీవంగా కాలిపోయారు. ఇవి ఫ్రాకింగ్ కాదు, మామూలు గ్యాస్ పనులే. మామూలు పైపునే సరిగా కాపాడలేని చేతుల్లో ఇంతకంటే కష్టమైన పని ఎలా పెడతాం?

కావేరి రైతులు ఊరుకోలేదు. మన్నార్‌గుడి మీథేన్ ప్రాజెక్టు మీద ఊరూరా తిరిగిన నమ్మాళ్వార్ 2013 డిసెంబరు 30న ఆ పోరాటంలో ఉండగానే కన్నుమూశారు. 2017లో నెడువాసల్, కదిరామంగళం ప్రజలు రోడ్డెక్కారు. ఆ ఒత్తిడితోనే 2020 ఫిబ్రవరిలో డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించే చట్టం వచ్చింది. కొత్తగా చమురు, షేల్ గ్యాస్, మీథేన్ తవ్వకాలకు అక్కడ తావు లేదు. అయితే ఆ చట్టం పాత బావులను ముట్టుకోలేదు, డెల్టా దాటితే వర్తించదు. అందుకే 2025లో రామనాథపురం జిల్లాలో 20 పరీక్ష బావులకు అనుమతి వచ్చింది. రైతులు, మత్స్యకారులు గట్టిగా అడిగాకే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోమంది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం కూడా లేదు.

దేవుడు మనిషికి భూమిని ఏలమని అధికారమిచ్చాడు కదా అని కొందరు బోధకులు ఆదికాండము 1:28 చూపిస్తారు. పేజీ తిప్పి 2:15 కూడా చదవమని వాళ్లను అడుగుతున్నాం. తోటను సేద్యం చేయటానికీ, కాపాడటానికీ ఆదామును అక్కడ ఉంచాడు. అప్పగించినవాడికి లెక్క చెప్పాల్సిన గృహనిర్వాహకుడు మనిషి. ఇక నాబోతు కథ (1 రాజులు 21) మనకు కొత్త కాదు. ఒక సంగతి గమనించండి. అహాబు ఊరికే లాక్కోవాలని చూడలేదు. మంచి ధర ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు వద్దన్నాడు. ఆ "వద్దు" అనే హక్కునే రాణి సహించలేకపోయింది. పెద్దలకు ఉత్తరాలు రాసి, సభ పెట్టించి, దొంగ సాక్షులను నిలబెట్టి, అంతా చట్టప్రకారమే జరిగినట్టు చేసింది. మన కాలంలో ఆ సభ కూడా దండగ అనుకున్నారు. 2020 జనవరి సవరణతో చమురు, గ్యాస్ అన్వేషణకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా పోయింది. మంచి నీళ్లు తాము తాగి, మిగిలినవి కాళ్లతో కలకచేసే బలిసిన గొర్రెల సంగతి యెహెజ్కేలు 34లో ఉంది. ఆ మందకు తీర్పు తీర్చేది దేవుడే.

"మీరు సిలిండర్ వాడటం లేదా?" అని అడుగుతారు. వాడుతున్నాం. యూరియా కూడా గ్యాస్‌తోనే తయారవుతుందని తెలుసు. గ్యాస్ వాడేవాడికి గ్యాస్ ఎలా తీస్తున్నారో అడిగే బాధ్యత ఇంకా ఎక్కువ. అన్నం తింటున్నామని కౌలు దోపిడీని సమర్థిస్తామా?

కాబట్టి మేము కోరేది ఇది. రెండు డెల్టాల్లోనూ, వాటికి ఆనుకున్న సాగు జిల్లాల్లోనూ ఫ్రాకింగ్ ఉండకూడదు. ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తేవాలి, ఆ కాగితాలు జనం చదవగల భాషలో ఉండాలి. ఇప్పటికే బావులున్న ఊళ్లకు ఖనిజ నిధి వంటిది పెట్టి, అందులో భూమిలేని కూలికి వాటా రాయాలి.

యువతీయువకులారా, మీ పని కూడా ఉంది. తమిళనాడులో గ్రామసభ జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీల్లో జరుగుతుంది. వెళ్లండి, మాట్లాడండి, తీర్మానం రాయించండి. మీ ఊరి బావి, బోరు నీళ్లను ఇప్పుడే పరీక్ష చేయించి ఆ కాగితం దాచండి. రేపు నీళ్లు చెడితే "ముందునుంచే ఇలా ఉన్నాయి" అనే మాటకు జవాబు ఆ కాగితమే. డెల్టాలోనో, కోనసీమలోనో మీకు చుట్టాలుంటే వాళ్లకూ చెప్పండి. ఇస్సాకు తవ్వించిన బావుల కోసం గెరారు కాపరులు రెండుసార్లు పోట్లాడారు (ఆది. 26). ఆయన మూడో బావి తవ్వించుకున్నాడు, అక్కడ చోటు దొరికింది. మన కూలి తల్లులకు మూడో బావి లేదు. ఉన్న ఒక్కదాన్నీ కాపాడుకుందాం.