చేను మేసిన జింక

మా చిరాగ్‌పల్లి ప్రాంతమున జొన్నకంకి పాలుపోసుకొనునాటికి రైతు మంచె యెక్కును. పగలు ఒడిసెలతో పిట్టలను, రాత్రి కేకలతో అడవిపందులను తోలును. అట్టివానికి వన్యప్రాణులను కాపాడుమని బోధించుట సులభము. బోధించినవాని చేను పోదు గదా!

సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు అను గ్రామము కలదు. అచటి చెరువునీట నిలిచిన చెట్లపై గూడబాతులు ఏటేట గూళ్ళు కట్టి, పులికాటు సరస్సునుండి చేపలు తెచ్చి పిల్లలను పెంచును. వాని రెట్ట చెరువులో కలియును. ఆ నీరే పొలములకు పారి ఎరువగును. పక్షుల రాకను గ్రామస్థులు శుభముగా నెంచుదురు. 1976లో ప్రభుత్వము దానిని పక్షిరక్షిత కేంద్రముగా ప్రకటించినది గాని, అంతకు పూర్వమే వానికి గ్రామము అండ.

రోళ్ళపాడు కథ వేరు. నంద్యాల జిల్లాలోని ఆ గడ్డినేలను 1988లో బట్టమేకపక్షికై అభయారణ్యము గావించిరి. రక్షణ దొరకగనే కృష్ణజింకలు మిక్కిలి వృద్ధిచెంది చుట్టుపట్ల చేలపై బడినవి. రైతునకు జింకపై కలిగిన కోపము అభయారణ్యముపైకి మళ్ళెను. గడ్డినేలలు దుక్కికి వచ్చుటయు తోడై, నేడచట బట్టమేక కానవచ్చుటయే అరుదు.

నేను రైతును నిందింపజాలను. మేసిన పంటకు పరిహారము మరుపంట విత్తకమునుపే వాని యింటికి చేరవలెను. కావలిపనియు ఆ గ్రామస్థులకే జీతమిచ్చి యప్పగింపవలెను. ఇది వింతకోరిక కాదు. నల్లమలలో పులిజాడ తీయుటకు అటవీశాఖవారు చెంచులనే నియమించుకొనిరి.