ఎవరి పిల్లలకు సులువు?



"పిల్లలకు కోడింగ్ ఇప్పుడు చాలా సులువు, రంగురంగుల బ్లాకులు జరిపితే చాలు" అంటున్నారు. నాది ఒకటే ప్రశ్న. ఏ పిల్లలకు?

1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్ వంటివారు పిల్లల కోసమే ‘లోగో’ తయారుచేశారు. తర్వాత దానికి తాబేలు తోడైంది. ముందుకు 100, కుడికి 90 అని నాలుగుసార్లు చెబితే అది నలుచదరం గీస్తుంది. తప్పు చెబితే గీత పక్కకు పోతుంది, అంతే. ఎక్కడ తప్పిందో పిల్లే వెతికి సరిచేసుకుంటుంది. బెత్తం లేదు, వెక్కిరింత లేదు.

2007లో ‘స్క్రాచ్’ వచ్చింది. బ్లాకులు అతికే చోటే అతుకుతాయి కాబట్టి స్పెల్లింగు తప్పుల బెడద తీరింది. జపనీసులో అది రెండు రకాలుగా దొరుకుతుంది. కంజి అక్షరాలు ఇంకా రాని చిన్నపిల్లల కోసం వట్టి హిరగానాలో ఒకటి ఉంది. చూశారా? తయారుచేసేవాళ్ళ కళ్ళ ముందు ఒక పిల్ల ఉంటే పనిముట్టు ఆ పిల్ల వైపు వంగుతుంది.

మన వాడ పిల్ల ఎవరి కళ్ళ ముందుంది?

నేను చదివిన హాస్టల్లో కంప్యూటర్ గదికి తాళం. తాళంచెవి సారు జేబులో. తెరిచిన రోజు ఒక మౌసుకి ఎనిమిది మందిమి. ఇంగ్లీషు చదవగలిగినవాడి చేతిలోనే మౌసు, మిగతావాళ్ళం చూసేవాళ్ళం. తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం వస్తే "చెడగొట్టార్రా" అని సారు కేకేసేవాడు. చిన్నప్పుడు అంబేద్కర్‌కి దాహమేస్తే బడి ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను లేకపోతే నీళ్ళు లేవు. ముట్టుకోనివ్వని పనిముట్టు ఎంత సులువైనదైతే ఏం?

"ముందు ఇంగ్లీషు నేర్చుకోమనండి" అంటారు కొందరు. ఇంగ్లీషు మాకు కావాలి. అది మా హక్కు, కొట్లాడి తెచ్చుకుంటాం. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల ఆలోచనకి దాన్ని చెక్‌పోస్టు చెయ్యొద్దు. తెలుగులో పెడతామని వచ్చేవాళ్ళకీ ఒక మాట. ‘పునరావృతం చేయుము’ అని రాస్తే అది ఇంకో తాళం. ‘మళ్ళీ మళ్ళీ చెయ్యి’ అని రాయండి.

పాత ఫోనులో నడవాలి. నెట్ లేకున్నా నడవాలి. తప్పు ఎక్కడుందో ఇంటి మాటల్లో చెప్పాలి. తయారుచేసే గదిలో మనవాళ్ళుండాలి. పనికొస్తుందో లేదో గురుకులాల్లో, వాడ బడుల్లో తేలాలి.

ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ‘స్క్రాచ్’ సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఎవరో కనికరిస్తారని ఎదురుచూడకండి. ఈ సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళండి. వాడలో ఒక పిల్లని కూర్చోబెట్టి మౌసు ఆ పిల్ల చేతికివ్వండి. మీరు మాట్లాడకుండా చూడండి. ఎక్కడ ఆగిందో రాసుకోండి. మన పని అక్కడ మొదలవుతుంది.

జై భీమ్!

(ఇంకా ఉంది)