ఫెయిలోవర్ సంగతి తర్వాత, ముందు మానిటర్‌కి సొంత ఐపీ ఇవ్వండి

ఆత్మకూరులో మెయిన్ సర్వర్, ఉదయగిరిలో ఫ్రెండ్ ఇంట్లో స్టాండ్‌బై. ఒక కిరాణా షాపు ఆర్డర్ల కోసం పెట్టిన చిన్న సెటప్ మాది. ఉదయగిరిలోని మానిటరింగ్ ఏజెంట్ నిమిషానికోసారి ఆత్మకూరు సర్వర్‌ని చెక్ చేస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే డీఎన్ఎస్ మార్చేస్తుంది. వినడానికి బాగుంది కదా?

ఒకరోజు మెయిన్ సర్వర్ శుభ్రంగా నడుస్తుండగానే ఏజెంట్ "డౌన్" అని తేల్చేసింది. ఉదయగిరి నెట్ సీజీన్యాట్ మీద ఉంది. అంటే ఎంతోమంది కస్టమర్లు ఒకే పబ్లిక్ ఐపీతో బయటికెళ్తారు. వాళ్లలో ఎవరి వైరస్ పట్టిన రౌటరో మా ఎస్ఎస్‌హెచ్‌కి తప్పుడు పాస్‌వర్డులు కొట్టింది. ఫెయిల్‌2బ్యాన్ ఆ ఐపీని బ్యాన్ చేసింది, దాంతోపాటు మా ఏజెంట్‌నీ. (డిఫాల్ట్‌గా 5 తప్పులకు 10 నిమిషాలు. అన్ని పోర్టులూ మూసేలా పెట్టింది మాత్రం నేనే!) పాత డీఎన్ఎస్ క్యాష్ ఉన్నవాళ్ల ఆర్డర్లు ఆత్మకూరుకి, మిగతావి ఉదయగిరికి వెళ్లాయి. రెండు డేటాబేసులు కలపడానికి రాత్రంతా పట్టింది.

అందుకే, స్టాండ్‌బైకి ఇంకో 8 జీబీ ర్యామ్ కొనేముందు ఏజెంట్‌కి డెడికేటెడ్ అవుట్‌గోయింగ్ ఐపీ తీసుకోండి. ప్రొవైడర్ స్టాటిక్ ఐపీ ఇస్తే సరే. లేదంటే చిన్న వీపీఎస్ తీసుకుని ఏజెంట్ ట్రాఫిక్ ఒక్కటే వైర్‌గార్డ్‌లో దాని మీదుగా పంపండి. ఆ ఐపీని ఫెయిల్‌2బ్యాన్ ఇగ్నోర్ లిస్టులో పెట్టండి.

అయితే వీపీఎస్ పడిపోయినా ఏజెంట్‌కి సర్వర్ పోయినట్టే కనిపిస్తుంది. అందుకని వేరే నెట్‌వర్క్ మీద, వేరే ఐపీతో రెండో ఏజెంట్ కూడా పెట్టాం. రెండూ "డౌన్" అంటేనే డీఎన్ఎస్ మారుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. షాపాయన దానికి ఇంతవరకు ఏమీ అనలేదు.