ఏథెన్సును ముంచింది గ్రహణమేనా?

మూఢనమ్మకాల మీద ఉపన్యాసమిచ్చే మనవాళ్ళకి ఈ కథంటే మహా ఇష్టం. క్రీ.పూ. 413 ఆగస్టు 27న చంద్రగ్రహణం పట్టింది. సిసిలీలో, సిరక్యూజ్ దగ్గర చిక్కుకున్న ఏథెన్సు సైన్యం ఆ రాత్రే బయటపడాలి. సేనాని నికియాస్ జోస్యుల మాట విని మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు కదలనన్నాడు. ఈలోగా శత్రువులు రేవు మూసేశారు. నౌకాదళం నాశనమైంది. కనీసం 7,000 మంది రాతిగనుల్లో బందీలయ్యారు. నికియాస్‌ని చంపేశారు.

కథ నిజమే. అక్కడ మొదలుపెట్టడమే తప్పంటాను. అసలా సైన్యం సిసిలీకి ఎందుకెళ్ళింది?

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా కళ్ళు ముందు పద్దుల మీదకే పోతాయి. సిసిలీలోని సెగెస్టా అనే ఊరు "సాయం రండి, ఖర్చు మాది" అంది. ఏథెన్సు తనిఖీకి మనుషుల్ని పంపింది కూడా! వాళ్ళని ఇంటింటికీ విందుకు పిలిచారు. ఏ ఇంట చూసినా వెండి బంగారు పాత్రలే. అన్నీ ఊళ్ళోనూ పొరుగూళ్ళలోనూ పోగుచేసి, ఇంటి నుంచి ఇంటికి తిప్పినవి. పెళ్ళిచూపులకి అరువు నగల్లాంటి వ్యవహారం. తూకం వేసినవాడు లేడు, జాబితా రాసినవాడు లేడు.

సెగెస్టా 60 టాలెంట్ల వెండి తెచ్చి చూపింది. మనిషికి రోజుకో డ్రాక్మా చొప్పున, 200 మంది ఉండే ఓడకి నెల జీతం ఒక టాలెంటు. అంటే 60 ఓడలకి ఒక్క నెల. రెండో నెల మాటేమిటి? ఆ డబ్బు మాటల్లోనే ఉందని సభలో హెచ్చరించింది ఎవరనుకున్నారు? ఈ నికియాసే! గ్రహణానికి భయపడినవాడు ఖజానా దగ్గర మాత్రం హేతువాది. సభ వినలేదు. క్రీ.పూ. 415లో 134 యుద్ధనౌకలు బయల్దేరాయి. తీరా వెళితే సెగెస్టాలో ఉన్నది 30 టాలెంట్లు. అన్ని ఓడలకీ వారం జీతానికి సరిపోతే గొప్ప.

దేవుణ్ణి నమ్మకపోతే చాలు, మిగతా వివేకం దానంతటదే వస్తుందని మనలో కొందరికి ధీమా. సెగెస్టా గిన్నెల్లో దేవుడెక్కడున్నాడు?

గ్రహణం తర్వాత కూడా ఏథెన్సు తొమ్మిదేళ్ళు పోరాడింది. డెకెలియాలో స్పార్టా తిష్ఠ వేస్తే 20,000 మందికి పైగా బానిసలు పారిపోయారు, లారియం వెండి గనుల ఆదాయం పడిపోయింది. పర్షియా రాకుమారుడు సైరస్ స్పార్టా ఓడలకి జీతాలిచ్చాడు. క్రీ.పూ. 404లో ఏథెన్సు లొంగి గోడలు కూల్చుకుంది. ఉంచుకోనిచ్చినవి 12 ఓడలు.